పగటి కావలి

"ఏరు" అంది భార్గవి, గడపలో నిలబడి.

కోటేష్ రొట్టె తడుతున్నాడు. జొన్నపిండి ముద్దను పీట మీద పెట్టి, అరచేత్తో కొడుతూ, గుండ్రంగా తిప్పుతూ, అంచు పగిలినచోట వేలితో అదిమి అతికిస్తున్నాడు. పొయ్యి మీద పెనం కాగి సన్నగా పొగ లేస్తోంది.

"ఇప్పుడు ఏటికెందుకే? రొట్టె తిన్నంక పోదాం."

"ఏరు, బాపూ. ఏరు!" పిల్ల కాళ్లు నేలకేసి కొట్టింది. ఎండలో ఆడి వచ్చింది. ముఖం ఎర్రగా కందిపోయింది.

ఏడుపు మొదలయ్యేలా ఉంటే కోటేష్ గ్యాస్ ఆర్పాడు. చేతులకు అంటిన పిండి దులుపుకుని, చెప్పులు తొడుక్కుని, కూతుర్ని వెంటపెట్టుకుని వాగు దారి పట్టాడు. గూడెం దాటి చింతల కిందికి వచ్చేసరికి భార్గవి నడవనని దారిలో కూలబడి, నిజంగానే ఏడుపు అందుకుంది. అటునుంచి కట్టెల మోపుతో వస్తున్న కళావతి, పక్కింటావిడ, ఆగి కోయభాషలో ఏదో అడిగింది. పిల్ల వెక్కుతూనే జవాబు చెప్పింది. కళావతి మోపు దించి, కొంగున కట్టుకున్న ప్లాస్టిక్ సీసా విప్పి పిల్ల చేతికిచ్చింది. భార్గవి గటగటా తాగింది.

"నీళ్లు అడుగుతున్నదయ్యా పాపం" అంది కళావతి నవ్వాపుకుంటూ. "మా బాసల ఏరంటే నీళ్లు."

మోపు ఎత్తించమన్నట్టు చూసింది. కోటేష్ ఎత్తించాడు. ఆమె వెళ్లిపోయింది. పిల్ల మూతి తుడుచుకుని, ఏమీ జరగనట్టు, గంతులేస్తూ ఇంటివైపు నడిచింది.

సాయంత్రం సరళ బడి నుంచి రాగానే ఈ సంగతి చెప్పాడు. నవ్వించాలనే చెప్పాడు. సరళ కడుపు పట్టుకుని నవ్వింది.

"నీకు తెల్వదా? నాకు బడిల మొదటి వారంలనే తెలిసింది. ఒక్కొక్కడు లేచి ఏరు, ఏరు అంటుంటే నేను గూడ వాగుకే అనుకున్న."

ఆ మీదట తల్లీ కూతుళ్లు మాటల ఆట మొదలుపెట్టారు. సరళ ఒక కోయమాట అంటుంది, భార్గవి దానికి ఇంకొకటి అంటుంది, ఇద్దరూ విరగబడి నవ్వుతారు. తండాలో పుట్టిన ముగ్గురూ ఇంట్లో మాట్లాడుకునేది లంబాడీ. బయటికి వెళితే తెలుగు. ఈ మూడో భాష ఇంట్లోకి ఎప్పుడు వచ్చిందో, ఏ తలుపు గుండా వచ్చిందో కోటేష్‌కు తెలియలేదు. కాసేపు వాళ్ల ముఖాల వంక చూశాడు. తర్వాత తిన్న పళ్లేలు తీసుకుని కడగడానికి బయటికి వెళ్లాడు.

ఆ గూడెంలో పగలు ఎలా ఉంటుందో కోటేష్‌కు తెలిసినంతగా అక్కడ పుట్టినవాళ్లకు కూడా తెలియదు. ఇప్పపువ్వు రాలే కాలం. తెల్లవారకముందే ఆడవాళ్లు గంపలతో అడవికి వెళ్లిపోతారు. మగవాళ్లు కొందరు వాళ్ల వెంట, కొందరు కూలికి మణుగూరు వైపు. మిగిలేది మేకలు, కోళ్లు, కదల్లేని కొందరు ముసలివాళ్లు, బడి గదిలోంచి పిల్లల అరుపులు, ఇంట్లో కోటేష్. భార్గవి కూడా తల్లి వెంటే బడికి పోయి, ఆటకు విడిచినప్పుడు మాత్రమే ఇంటి ముఖం చూస్తుంది.

వాన పడితే వాగు దాటలేరు కాబట్టి టీచరు ఊళ్లోనే ఉండాలని గూడెం వాళ్లు ముందే అన్నారు. సరళకు ఉద్యోగం వచ్చిందన్న సంబరంలో అది ఎవరికీ పెద్ద మాటగా తోచలేదు. కోటేష్ ఆటోను తమ్ముడు శ్రీధర్‌కు అప్పగించి, సామాను ట్రాలీలో వేసుకుని, ఏన్కూరు నుంచి ఇక్కడికి, పినపాక అవతలి అడవికి వచ్చాడు. ఆటో నడిపిన రోజుల్లో నోటికి తీరిక ఉండేది కాదు. ఎక్కేవాళ్లతో, దిగేవాళ్లతో, ఎదురుగా వచ్చే ఆటోవాళ్లతో పొద్దంతా మాటలే. ఇప్పుడు మధ్యాహ్నం వంట ముగిశాక తన గొంతు తనకే వినపడి చాలాసేపయ్యేది.

ఫోన్ సిగ్నల్ నీళ్ల ట్యాంకు దగ్గర మాత్రమే దొరుకుతుంది. ఒక మధ్యాహ్నం ఆ ఎండలోనే వెళ్లి తమ్ముడికి కలిపాడు.

"ఏందన్నా, మంచిదేనా?" అన్నాడు శ్రీధర్. వెనక ఇంజను గడగడలాడుతోంది. ఎవరో ముసలామె ఆపమని అరుస్తోంది.

"మంచిదే. ఎక్కడున్నవ్?"

"తల్లాడ అడ్డ మీద. గిరాకి ఎక్కుతున్నది, మల్ల జేస్తనే."

జేబులో వేసుకున్నాడేమో, లైను మాత్రం కట్ కాలేదు. గేరు మార్చిన చప్పుడు, హారను, ఎవరో ఎవరినో జరగమనడం. మూడో గేరులో కొంచెం వణుకు వస్తోంది. క్లచ్ వైరు చూపించుకోమని చెప్పాలనుకున్నాడు. వినేవాడు లేడు. లైను దానంతటదే తెగేదాకా కోటేష్ ట్యాంకు నీడన ఫోను చెవికి ఆనించుకునే నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున్నే చెంబు పట్టుకుని వాగు అవతలి వైపుకు వెళ్లాడు. తిరిగి వస్తుంటే ఒక ఇప్పచెట్టు కింద నేలంతా తెల్లగా కనిపించింది. దగ్గరికి వెళితే పువ్వు. పాలకంకి గింజల్లా ఉబ్బి, తేనె పట్టి, మంచు తడితో మెరుస్తోంది. చూస్తుండగానే కొమ్మల్లోంచి ఒక్కొక్కటీ టప్ టప్‌మని రాలుతోంది. చెట్టు కింద గడ్డి లేదు, ఎండుటాకు లేదు, ముల్లు లేదు. ఏరుకోవడానికి ఎంత హాయిగా ఉందో అనుకున్నాడు.

నాయనమ్మ హేమ్లి ఇప్పపువ్వును నువ్వులతో వేయించి, బెల్లం వేసి దంచి, ముద్దలు చేసి పెట్టేది. ఆ వాసన ఒక్కసారిగా ముక్కుకు తగిలింది. సరళకు, పిల్లకు చేసిపెడదామనిపించింది. చెంబు పక్కన పెట్టి, భుజాన ఉన్న తువ్వాలు పరిచి, గొంతుక్కూర్చుని ఏరసాగాడు. ఇక్కడికి వచ్చాక ఇంత ఇష్టంగా చేసిన పని ఇంకోటి లేదు. తువ్వాలు నిండాక నాలుగు కొసలూ ముడివేసి, భుజాన వేసుకుని, గూడెం నడిమి బాటనే ఇంటికి నడిచాడు. ఇళ్ల ముందు ఇద్దరు ముగ్గురు ముసలివాళ్లు చూశారు. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ ఏమీ అనకపోవడం అతనికి అలవాటైన సంగతే.

పొద్దు గుంకే వేళ గూడెం పెద్ద పగిడయ్య కబురుపెట్టాడు. సరళ కూడా వెంట వచ్చింది.

పగిడయ్య ఇంటి ముందు అప్పటికే జనం చేరారు. వాళ్లలో వాళ్లు కోయలో మాట్లాడుకుంటున్నారు. కోటేష్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. సరళకు కొంచెం కొంచెం తెలుస్తోందని గుర్తొచ్చి ఆమె ముఖం వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆ ముఖం మెల్లగా వాడిపోయింది.

మాటలు సద్దుమణిగాక పగిడయ్య తెలుగులోకి మారాడు.

"అయ్యా, పొద్దుగాల పువ్వు ఏరినవా?"

"ఏరిన. దాచిపెట్టుకోని తేలేదు. అందరు చూస్తుంటనే తెచ్చిన."

"చూసిన్రు. ఎవరి చెట్టు కింద ఏరినవ్?"

"అడవిల చెట్టు గదా. ఎవలదీ కాదనుకున్న."

జనంలో కలకలం లేచింది. వెనక వరసలోంచి ఒక సన్నటి మనిషి లేచి నిలబడింది. నడివయసు. ఎదురింటి మనిషే అయినా కోటేష్‌కు పేరు తెలియదు; కొండమ్మ అని, మొగుడు పోయిన మనిషని సరళ చెవిలో చెప్పింది.

"కింద నేల చూసినవా?" అంది కొండమ్మ.

"చూసిన."

"ఆకున్నదా? ముల్లున్నదా?"

"లేదు. సాపుగున్నది."

"మరి ఎవరు ఊడ్చిన్రనుకున్నవ్? ఎవరు ఆకు కాలబెట్టిన్రనుకున్నవ్? అడవి ఊడ్చుకున్నదా దానంతటది?"

ఏరుకోవడానికి హాయిగా ఉందనుకున్న ఆ నేల కోటేష్ కళ్లముందు మెదిలింది. అది ఒక మనిషి గుర్తు. చేను గట్టు ఎంతో, ఇంటి గడప ఎంతో అదీ అంతే. అతను చెప్పులతో తొక్కి లోపలికి వెళ్లాడు.

పగిడయ్య గొంతు పెంచలేదు. "మా అయ్య కాలంల గిట్లనే ఒకాయన వచ్చిండు. చెట్టు కింద పువ్వు ఏరుకుంటనన్నడు. ఏరుకోమన్నరు. ఏడాదికి చెట్టు నాదన్నడు. ఆ వెనక చెట్టు పక్క చేను నాదన్నడు. వాగవతల ఆ చేను ఇప్పుడు మా చేతుల లేదు."

"నేను గట్లాంటోణ్ని గాను" అన్నాడు కోటేష్.

"ఆయన గూడ గదే మాట అన్నడు."

సరళ ముందుకు వచ్చింది. "తప్పు కడ్తం పెద్దాయనా. ఎంతో చెప్పున్రి."

"పైసలెందుకు టీచరమ్మా? నీ మీద మాకు మాట లేదు. మా పిల్లలు నీకాడ అచ్చరాలు దిద్దుతున్నరు." పగిడయ్య కోటేష్ వైపు తిరిగాడు. "నువ్వు పొద్దంత ఇంటికాడ్నే ఉంటవు గదా?"

ఎక్కడో ఒక నవ్వు వినిపించి ఆగిపోయింది.

"కొండమ్మ ఒక్కతే. ఆమె అడవికి పోతే ఎండబోసిన పువ్వుకు దిక్కులేదు, మేకలపాలైతున్నది. పువ్వు రాలుడు బందయ్యేదాక పగలు నువ్వు కావలుండు. అదే నీకు తప్పు, దండుగ."

ఇంటి గడప దాటాక సరళ కళ్లనీళ్లు పెట్టుకుంది. "పినపాకల ఇల్లు చూద్దాం. నేను పొద్దుగాల్నే వచ్చి పోత. నా ఎంబడి వచ్చినందుకు నువ్వు మేకలు కొట్టుడేంది?"

"వాగు దాటి రోజు ఎట్లొస్తవ్?"

"ఎట్లనో వస్త."

కోటేష్ వంటింట్లో మూతపెట్టిన గిన్నె వైపు చూశాడు. నువ్వులు, బెల్లం వేసి దంచిన ముద్దలు. మధ్యాహ్నం పిల్ల రెండు తింది, సరళ ఒకటి తింది. కొండమ్మకు తిరిగి ఇవ్వడానికి విడి పువ్వు మిగల్లేదు.

"వద్దు. కావలుంట" అన్నాడు. "ఇంట్ల ఉండి ఇప్పుడు నేను చేస్తున్నదేమున్నది?"

ఆ మాట ఇంత చేదుగా వస్తుందని అతను అనుకోలేదు. సరళ కొంగుతో ముఖం తుడుచుకుంది.

కొండమ్మ ఇల్లు వాళ్ల ఇంటికి ఎదురుగానే, కొంచెం పల్లంలో. పేడతో అలికిన వాకిట్లో చాప పరిచి పువ్వు పోసి ఉంది. కోటేష్ వెళ్లేసరికి ఆమె గంప ఎత్తుకుని బయల్దేరుతోంది. మేకలను అదిలించడానికి ఒక చిల్లకర్ర చూపించింది. "మద్యాన్నం ఒకసారి తిరగెయ్యాలె" అంది. అంతే. లెక్క చూసి ఖర్చుపెట్టినట్టు ఆమె తెలుగు మాటలు పొదుపుగా వాడేది.

మొదటిరోజు కోటేష్‌కు తల కొట్టేసినట్టయింది. ఆటో డ్రైవరు, చేతిలో కర్ర, ఎదురుగా మేకలు. చెవి చీలిన ఎర్రమేక ఒకటి ఉంది. అది సూటిగా రాదు. గోడవారగా మేస్తున్నట్టు నటిస్తూ, అతను కళ్లు మళ్లించగానే చాప కొసకు చేరుతుంది. కోళ్లను అదిలిస్తే లేచిపోయి మళ్లీ వస్తాయి. తేనెటీగలు రొద పెడతాయి. ఎండ ఎక్కేకొద్దీ పువ్వు వాసన మత్తుగా, పులుపుగా మారి కణతలు లాగేది. మధ్యాహ్నం అరచేతులతో తిరగేశాడు. తెల్లగా, బరువుగా ఉన్న పువ్వు అడుగునుంచి ఎర్రబారుతోంది. చేతులు జిగటగా అయ్యాయి. నాకి చూస్తే తీపి, వెనక చిరుచేదు.

రెండోరోజు పొద్దున కళావతి తన గంప తెచ్చి కొండమ్మ వాకిట్లోనే ఒక పక్కన పాతచీర పరిచి కుమ్మరించింది. చదును చేసి, నడుం మీద చేతులు పెట్టుకుని ఒకసారి చూసుకుని, కదిలిపోయింది.

"ఓ అమ్మా! నాకు పడ్డ తప్పు కొండమ్మ పువ్వుకే!" అని కేకేశాడు కోటేష్.

ఆమె అప్పటికే దూరం వెళ్లింది. తిరిగి చూడలేదు.

ఆ తర్వాత ఇంకొకరు. ఇంకొకరు. వాకిలి చాలక పక్క వాకిట్లోకి, అక్కడా చాలక కోటేష్ ఇంటి ముందుకూ పువ్వు పాకింది. ఎవరూ అడగలేదు. సాయంత్రాలు వచ్చి ఎత్తుకుపోయేటప్పుడు ఎవరూ మంచిమాట ఒకటి అనలేదు. వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటూ వస్తారు, అతని దగ్గరికి రాగానే ఊరుకుంటారు, దాటి వెళ్లాక మళ్లీ అందుకుంటారు.

"నన్నేమన్న జీతగాణ్ని అనుకున్నరా?" అన్నాడు ఒక సాయంత్రం సరళతో.

"వద్దని చెప్పు."

"ఏ బాసల చెప్పాలె?"

సరళ అతని చేతులు చూసింది. గోళ్ల సందుల్లో పువ్వు జిగురు నల్లగా పట్టింది. నీళ్లు కాచి ఇచ్చింది.

అయినా ఎవరి పువ్వు ఎవరిదో అతనికి తెలియడం మొదలైంది. కళావతి పువ్వులో ఎప్పుడూ ఇసుక ఉంటుంది, వాగు ఒడ్డు చెట్టు కాబోలు. చివరింటావిడ కేసరాలు తీయదు. కొండమ్మ పువ్వు ఒక్కటే ఏరినట్టు కాక కడిగి తుడిచినట్టు ఉంటుంది. ఒకదానితో ఒకటి కలవకుండా మధ్యన వెదురు బద్దలు పెట్టాడు. పెట్టమని ఎవరూ అనలేదు.

వాన వచ్చిన రోజు మధ్యాహ్నం దాకా ఆకు కదల్లేదు. భోజనం చేసి వాకిట్లోకి వచ్చేసరికి గోదావరి వైపు ఆకాశం నల్లబడింది. దుమ్ము లేచింది. ఎండుటాకులు గూడెంలోకి గుంపుగా కొట్టుకొచ్చాయి. కోటేష్ నాలుగు దిక్కులా చూశాడు. చేయందించగల మనిషి ఒక్కడు లేడు. బడి గూడెం ఆ కొసన. గాలి ఎదురు కొడుతోంది, అరిచినా వినపడదు.

ముందు చివరింటావిడ చాప అందుకున్నాడు. రెండు కొసలు పట్టి ఈడ్చుకుంటూ తన ఇంట్లోకి లాగాడు. తర్వాత కళావతి చీర, మూటకట్టి మంచం మీద వేశాడు. సామాను తెచ్చినప్పటి టార్పాలిన్ అటకమీంచి లాగి నలుగురి పువ్వు మీద ఒకేసారి కప్పి రాళ్లు పెట్టాడు. ఇంకా మిగిలింది. దుప్పట్లు తెచ్చాడు. సరళ చీరలు దండెం మీంచి గుంజాడు. ఎత్తుకురావడం, పోయడం, మళ్లీ పరుగెత్తడం. ముందుగది నిండింది. వంటింట్లో పొయ్యి పక్కన కాలు పెట్టే చోటు లేదు. అంత హడావిడిలోనూ ఒకరిది ఒకరి దానిలో కలవనివ్వలేదు.

చివరికి కొండమ్మ చాప మిగిలింది. దాని మీద చేయి వేసేసరికి చినుకులు రాళ్లలా పడ్డాయి. లాగాడు. తడిసిన చాప బరువెక్కి నడిమికి చీలింది. సగం పువ్వు వాకిట్లో జారిపోయింది. పడ్డది పడ్డట్టు రెండు చేతులా ఎత్తి ఒక పాతచీరలో వేసుకుంటూనే ఉన్నాడు. అప్పటికే వాకిలి ఎర్రటి నీళ్లతో కాలువ కట్టింది.

వాన వెలిసీ వెలియకముందే ఆడవాళ్లు అడవిలోంచి పరుగున వచ్చారు. నెత్తి మీంచి నీళ్లు కారుతున్నాయి. తన చాప వేసిన చోటు ఖాళీగా ఉండడం చూసి ఒకామె శోకం ఎత్తుకోబోయింది. కళావతి కోటేష్ ఇంటి గడప దగ్గర ఆగి లోపలికి తొంగి చూసి పిలిచింది. అందరూ వచ్చారు. బయట టార్పాలిన్ కింద నలుగురిది, మంచం మీద ఒకరిది, పీట మీద ఒకరిది, సరళ పెళ్లి చీరలో ఒకరిది. ఎవరిది వాళ్లు గుర్తుపట్టారు. బడి విడిచి భార్గవితో వచ్చిన సరళ తన చీర వంక చూసి, దాని కొంగు నేలకు తగలకుండా పైకి మడిచింది.

అందరికన్నా వెనక కొండమ్మ వచ్చింది. ఆమె చెట్టే అందరికన్నా దూరం. చూరు కింద కోటేష్ తడిసి నిలబడి ఉన్నాడు. కాళ్ల దగ్గర పాతచీరలో తడిసిన పువ్వు కుప్ప. ఆమె వంగి ఒక పిడికెడు తీసి పిండింది. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి. తలెత్తి ఇంట్లో పొడిగా ఉన్న కుప్పలు ఒక్కొక్కటే చూసింది.

"నాది ఎందుకు ఆఖరుకు పెట్టినవ్?" అంది తెలుగులో. "నీకు తప్పు పడ్డది నా పువ్వుకే గదా?"

పగిడయ్య ముందు మళ్లీ నిలబడాలి కాబోలు అనుకున్నాడు కోటేష్. ఉన్నదే చెప్పాడు.

"వాళ్లయి తడిస్తే వాళ్లకేం చెప్పాలె అని భయమైంది. ఒక్కల పేరు గూడ నాకు సరిగ్గ తెల్వది. నువ్వైతే... తిడ్తవనుకున్న. తిట్టి ఊకుంటవనుకున్న."

కొండమ్మ నోరు తెరుచుకుంది, మూసుకుంది. మళ్లీ తెరిచినప్పుడు తెలుగు రాలేదు.

కోయలో మొదలుపెట్టింది. ఇన్నాళ్లూ మాటలు పొదుపుగా వాడిన మనిషేనా అన్నట్టు మాట మీద మాట దొర్లింది. చేయి చాచి వాకిలి చూపించింది, చీలిన చాప చూపించింది, ఆకాశం చూపించింది, అతని బుర్ర చూపించింది. మధ్యలో కళావతి ఏదో సర్దిచెప్పబోతే ఆమె మీదికీ తిరిగింది. అక్కడున్న ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కోటేష్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. తల వంచుకుని వింటూ నిలబడ్డాడు.

భార్గవి అతని లుంగీ పట్టి లాగింది. "బాపూ, ఆమె ఏమంటున్నదంటే..."

"ఊకో. ఆమెను చెప్పనియ్యి."

కొండమ్మ మాట ఆపకుండానే కిందికి వంగి, తడిపువ్వు ఉన్న చీరకు ఒక కొస పట్టుకుంది. కోటేష్ ఎదురుగా కూర్చుని రెండో కొస అందుకున్నాడు. ఇద్దరూ చెరోవైపు పైకెత్తి మెల్లగా మెలిపెట్టారు. గుడ్డలోంచి ఎర్రటి నీళ్లు ధారగా దిగాయి. ఆమె తిడుతూనే ఉంది. అతను తన కొసను ఇంకొంచెం గట్టిగా పట్టుకున్నాడు.